మంచిచెడ్డల కైఫీయతు

1887 సెప్టెంబరు మొదట్లో పౌల్ డాయ్‌సన్ అనే జర్మన్ పండితుడు భార్యను వెంటబెట్టుకుని స్విట్జర్లాండ్ కొండల్లోని సిల్స్ మారియా అనే పల్లెకు వెళ్లాడు. బడిలో కలిసి చదువుకున్న స్నేహితుడు అక్కడ ఒకరి ఇంట్లో గది అద్దెకు తీసుకుని వేసవి గడుపుతున్నాడు. ఆ గది ఎలా ఉందో డాయ్‌సన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఒక పక్క పుస్తకాలు. ఇంకో పక్క మోటు బల్ల, దాని మీద కాఫీ కప్పులు, గుడ్డు పెంకులు, రాతప్రతులు, ముఖం కడుక్కునే సామాను, అన్నీ కలగాపులగం. పక్క సర్దని మంచం. ఒకప్పుడు నిటారుగా, చురుగ్గా నడిచిన మనిషి ఇప్పుడు ఒక పక్కకు ఒరిగి, అడుగు కష్టంగా పడుతూ నడుస్తున్నాడు.

ఆ స్నేహితుడి పేరు ఫ్రీడ్రిష్ నీషే. అప్పటికి నలభై రెండేళ్లు. ఇరవై నాలుగేళ్లకే బాజెల్ విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ బోధించే ఆచార్యుడైనవాడు, ఆరోగ్యం పాడై 1879లో ఉద్యోగం వదులుకున్నాడు. వదలని తలనొప్పి, సగం చూపు, కొద్దిపాటి పింఛను. పుస్తకాలు రాస్తే కొనేవాళ్లు లేరు. ‘జరతూష్ట్ర ఇలా పలికాడు’ నాలుగో భాగాన్ని 1885లో సొంత డబ్బుతో నలభై ప్రతులు మాత్రం వేయించుకున్నాడు. డాయ్‌సన్ వచ్చేసరికి ఇంకొక పుస్తకం అచ్చుకు వెళ్లి ఉంది. ఆ ఏడాది జూలైలో మొదలుపెట్టి కొద్ది వారాల్లో రాసేసింది. నవంబరులో లైప్‌జిగ్‌లో బయటికి వచ్చింది, అదీ సొంత ఖర్చుతోనే. దాని పేరును తెలుగులో ‘నీతి వంశావళి’ అనుకోవచ్చు.

తెలుగువాళ్లకు వంశావళి కంటే దగ్గరి మాట ఇంకొకటి ఉంది. పందొమ్మిదో శతాబ్ది మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల నోట, పెద్దల నోట స్థానిక చరిత్రలు రాయించారు. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది, ఏ దొర ఎవర్ని వెళ్లగొట్టాడు, అన్నీ అందులో ఉంటాయి. వాటిని కైఫీయతులు అంటారు. నీషే చేసిన పని మంచిచెడ్డలకు కైఫీయతు రాయడం. ఈ విలువ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, దాని వల్ల ఎవరి మాన్యం పెరిగింది అని అడగడం.

అంతకుముందు ఎవరూ అడగలేదని కాదు. పవిత్రమైనది దేవుళ్లకు ఇష్టం కనుక పవిత్రమైందా, పవిత్రమైనది కనుక వాళ్లకు ఇష్టమైందా అని ‘యూతిఫ్రో’ అనే సంభాషణలో ప్లేటో సోక్రటీసు చేత అడిగించాడు. రెండు వేల ఏళ్లు దాటినా ఆ ముడి పూర్తిగా విడలేదు. పద్దెనిమిదో శతాబ్దిలో డేవిడ్ హ్యూమ్ ఇంకొక సంగతి పట్టుకున్నాడు. లోకంలో ‘ఉన్నది’ చెబుతూ చెబుతూ రచయితలు చప్పుడు చేయకుండా ‘ఉండాల్సింది’లోకి జారిపోతారు, ఆ జారుడుకు కారణం మాత్రం చెప్పరు అన్నాడు. నీషేకు మరీ దగ్గరివాడు పౌల్ రే. 1876-77 చలికాలంలో ఇద్దరూ ఇటలీలోని సొరెంటోలో ఒకే ఇంట్లో ఉన్నారు. రే 1877లో నైతిక భావాల పుట్టుక మీద పుస్తకం తెచ్చాడు. పరోపకారం సమాజానికి పనికొచ్చింది గనుక జనం దాన్ని మెచ్చుకున్నారు, కాలక్రమంలో ఎందుకు మెచ్చుకున్నామో మరిచిపోయి అదే స్వతహాగా మంచిదనుకున్నారు అన్నది అతని వాదం. స్నేహితుడి పుస్తకంలో తాను ఒప్పుకోని వాక్యాలే ఎక్కువని నీషే పదేళ్ల తర్వాత ‘నీతి వంశావళి’ ముందుమాటలో రాశాడు. స్నేహం అప్పటికే తెగిపోయింది.

అదే ముందుమాటలో తన పదమూడో ఏటి ముచ్చట కూడా చెప్పాడు. చెడు ఎక్కడి నుంచి పుట్టిందన్న ప్రశ్న ఆ వయసులోనే పట్టుకుందట. జవాబుగా దేవుణ్నే చెడుకు తండ్రిని చేసి ఆ గౌరవం ఆయనకే కట్టబెట్టాడట. పాస్టరుగారి అబ్బాయి. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. మరుసటేడు తమ్ముడూ పోయాడు. ఆ ప్రశ్న పుస్తకాల్లోంచి మాత్రమే వచ్చి ఉండదు.

పెద్దయ్యాక ప్రశ్న మారింది. చెడు ఎక్కడి నుంచి వచ్చిందని కాక, ‘మంచి’, ‘చెడ్డ’ అనే తీర్పులను మనిషి ఏ పరిస్థితుల్లో కనిపెట్టుకున్నాడు, ఆ తీర్పుల విలువ ఎంత అని అడగసాగాడు. విలువలకే విలువ కట్టడమన్న మాట. ఇక్కడ తెలుగు పాఠకుడికి కొంచెం సౌకర్యం ఉంది. తెలుగులో విలువ అంటే మొదట ధరే. బంగారం విలువ, పొలం విలువ అన్నాకే మానవ విలువలు అనడం. వేదికల మీద ‘విలువలు పడిపోతున్నాయి’ అని వక్తలు బాధపడేటప్పుడు కూడా బజారు ధరలు పడిపోయే మాటే వాడతారు. ధర ఉన్న ప్రతిదానికీ దాన్ని నిర్ణయించిన బేరం ఒకటి ఉండాలి కదా. నీషే ఆ బేరం ఎక్కడ జరిగిందో వెతికాడు.

అతనికి తెలిసిన విద్య భాష. అందుకే మాటల దగ్గర తవ్వడం మొదలుపెట్టాడు. జర్మన్‌లో ‘ష్లెష్ట్’ అంటే చెడ్డ. దానికి దగ్గరి మాట ‘ష్లిష్ట్’ అంటే సాదా, మామూలు. అంటే ఒకప్పుడు మామూలు మనిషిని, కింది మనిషిని చెప్పిన మాటే మెల్లగా చెడ్డను చెప్పే మాటగా మారింది. గ్రీకులో మెగారా నగరపు కవి థియోగ్నిస్ రాతల్లో ‘మంచివాళ్లు’ అంటే గొప్పింటివాళ్లు, ‘చెడ్డవాళ్లు’ అంటే అలగాజనం. ఆ కవి మీద నీషే బడి వదిలే నాటికే, 1864లో, లాటిన్‌లో వ్యాసం రాసి ఉన్నాడు. సంస్కృతంలోని ‘ఆర్య’ శబ్దాన్ని కూడా ఈ వరసలో సాక్ష్యానికి పిలిచాడు. తేలిందేమిటంటే, ‘మంచి’ అనే బిరుదును మేలు పొందినవాళ్లు కృతజ్ఞతతో ఎవరికో ఇవ్వలేదు. పైన ఉన్నవాళ్లు తమకు తామే ఇచ్చుకున్నారు. మేం మంచివాళ్లం, ఎందుకంటే మేం మేమే. ‘చెడ్డ’ అనేది వాళ్లు కిందికి చూసినప్పుడు నోట్లోంచి జారిన మాట.

ఈ పరీక్షను తెలుగు మీద పెట్టి చూస్తే ఫలితం బాగానే వస్తుంది. మర్యాద తెలిసినవాడు ‘పెద్దమనిషి’, అంటే ఊళ్లో పెద్దవాడు. సభలో కూర్చునే అర్హత లేనిది ‘అసభ్యం’. నగరానికి చెందినది ‘నాగరికం’. గ్రామానికి చెందినది ‘గ్రామ్యం’, అంటే మోటు. జనం మాట్లాడే తెలుగులో పాఠ్యపుస్తకాలు ఉండాలని గిడుగు రామమూర్తి పోరాడినప్పుడు ఎదుటి పక్షం చేతిలోని పెద్ద తిట్టు ఈ గ్రామ్యమే. ‘దరిద్రం’ సంగతి చెప్పనే అక్కర్లేదు. డబ్బు లేకపోవడం అన్న అర్థం నుంచి అది ‘దరిద్రపు బుద్ధి’ దాకా వచ్చేసింది. లేనివాణ్ని చెప్పే మాట తిట్టుగా మారడానికి ఏ శాసనమూ అవసరం పడలేదు.

‘నీతి’ అనే మాటకే ఒక పాత జీవితం ఉంది. ‘నీ’ అనే సంస్కృత ధాతువుకు నడిపించడం అని అర్థం. రాజనీతి, దండనీతి అన్నప్పుడు అది మనుషుల్ని, రాజ్యాన్ని నడిపే యుక్తి. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రచురించిన ‘నీతిచంద్రిక’ను తరతరాల పిల్లల చేత చదివించారు. అందులోని మిత్రభేదంలో దమనకుడనే నక్క చాడీలు చెప్పి సింహం చేత ఎద్దును చంపిస్తుంది. స్నేహాన్ని విరగ్గొట్టిన నక్కకు శిక్ష పడదు. అది నీతి పుస్తకమే, కాకపోతే నీతి అంటే అక్కడ బతకనేర్చడం. అదే పుస్తకాన్ని బడుల్లో సత్ప్రవర్తన నేర్పడానికి పెట్టారన్నది గమ్మత్తైన విషయం.

నీషే పుస్తకంలోని మూడు వ్యాసాల్లో మొదటిది ఆ మాటల తవ్వకంతోనే ఆగితే గొడవే లేకపోయేది. తర్వాత అతను చెప్పిన కథ వేరు. పైవాళ్ల చేతిలో నలిగినవాళ్లు ఎదురు తిరగలేరు. తిరగలేని కోపం లోపలే ఊరి ఊరి పులుస్తుంది. జర్మన్‌లో సరైన మాట దొరకలేదేమో, దానికి ‘రెసెంటిమాఁ’ అనే ఫ్రెంచి పేరు వాడాడు. ఈ పులిసిన కోపమే ఒక రోజు సృష్టికర్త అవుతుంది. పగ తీర్చుకోలేని చేతగానితనానికి క్షమ అని, బెదురుకు అణకువ అని, వేరే దారి లేక పడి ఉండటానికి ఓర్పు అని పేర్లు పెడుతుంది. బలవంతుడు ఇక ‘మంచివాడు’ కాడు, ‘దుర్మార్గుడు’. పాత జంట మంచి-అల్పం. కొత్త జంట మంచి-పాపిష్టి. ఈ తలకిందుల వ్యవహారాన్ని నడిపింది పూజారి వర్గమనీ, యూదు మతంలో మొదలై క్రైస్తవంతో లోకమంతా పాకిందనీ అతని అభియోగం.

ఇందులో గొర్రెపిల్లలకూ గద్దలకూ సంబంధించిన ఉపమానం ఒకటి ఉంది. గద్దలంటే గొర్రెపిల్లలకు కోపం ఉండటంలో వింత లేదు. ఆ కోపంతో గొర్రెపిల్లలు ‘గద్ద దుర్మార్గురాలు, గద్దకు పూర్తిగా భిన్నంగా ఉన్నదే మంచిది’ అనుకున్నా ఎవరూ తప్పుపట్టలేరు. గద్దలు మాత్రం వెటకారంగా, మాకు ఈ గొర్రెపిల్లలంటే కోపమేం లేదు, లేత మాంసం కంటే రుచైనది ఏముంది అంటాయి. చదువరి నవ్వుతాడు. నవ్వాక కాస్త ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే రచయిత ఎవరి పక్షమో అతనికి తెలిసిపోతుంది.

రెండో వ్యాసం తెలుగు మనసుకు ఇంకా దగ్గరిది. అది అప్పుల గురించి.

జర్మన్‌లో ‘షుల్డ్’ అంటే అపరాధం. దాని బహువచనం ‘షుల్డెన్’ అంటే అప్పులు. పాపభీతి అనే గంభీరమైన భావం షావుకారు చిట్టా నుంచి పుట్టిందని నీషే వాదన. మనిషి స్వతహాగా మరిచిపోయే జంతువు. మరుపు లోపం కాదు, ఆరోగ్యం. అటువంటి జంతువు చేత మాట నిలబెట్టించాలంటే దానికి జ్ఞాపకాన్ని కాల్చి పెట్టాలి. నొప్పి పెట్టేది గుర్తుంటుంది. సాక్ష్యంగా క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు రోమన్ చట్టాన్ని, పన్నెండు ఫలకాలను చూపించాడు. బాకీ తీర్చని మనిషిని అప్పులవాళ్లు ముక్కలు కోసి పంచుకోవచ్చు, ఎవరైనా వాటాకు మించి కోసినా తగ్గించి కోసినా నేరం కాదు అని అందులో ఉంది. నిజంగా అలా కోసిన ఉదంతాన్ని తాము ఎరగమని తర్వాతి కాలపు రోమన్ రచయితలు చెప్పారు. నీషేకు కావలసింది ఉదంతం కాదు, ఆ లెక్క. డబ్బుకు బదులు బాధ చెల్లుబాటయ్యే నాణెంగా ఉండటం.

తెలుగు పల్లెల్లో దీనికి సమాంతరం ఉంది. కులపెద్దలు కూర్చుని తీర్పు చెప్పాక ‘తప్పు వేశారు’ అంటారు. ‘తప్పు కట్టాడు’ అంటారు. తప్పు అనే ఒకే మాట చేసిన నేరానికీ, దానికి చెల్లించే జరిమానాకూ సరిపోతుంది. నీషేకు తెలుగు వచ్చి ఉంటే పండగ చేసుకునేవాడు. ఇక ఋణం ముచ్చట. బ్రాహ్మణుడు పుడుతూనే దేవతలకు, ఋషులకు, పితరులకు బాకీ పడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. యజ్ఞంతో ఒకటి, చదువుతో ఒకటి, సంతానంతో ఒకటి తీరతాయి. ఋణానుబంధం, తల్లి ఋణం, ఉప్పు ఋణం, ‘ఏ జన్మలో బాకీ పడ్డానో’ అనే నిట్టూర్పు, ఇవన్నీ ఆ చిట్టాలోని పద్దులే. నీషే ప్రకారం తెగలు తమ పూర్వీకులకు బాకీ ఉన్నామనుకుంటాయి. తెగ బలం పెరిగేకొద్దీ బాకీ పెరుగుతుంది, పూర్వీకుడు పెరిగి పెరిగి దేవుడవుతాడు. క్రైస్తవంలో అది ఎవరూ తీర్చలేనంత పెద్దదై, చివరికి అప్పిచ్చిన దేవుడే తన్ను తాను బలిచ్చుకుని అప్పు మాఫీ చేస్తాడు. ఈ మాట రాసేటప్పుడు అతని వెక్కిరింత పరాకాష్ఠకు చేరింది.

ఇదే వ్యాసం మధ్యలో పుస్తకం మొత్తానికీ ఆయువుపట్టయిన సంగతి ఉంది. ఒక వస్తువు ఎందుకు పుట్టింది అన్నదీ, ఇప్పుడు దేనికి పనికొస్తోంది అన్నదీ రెండూ వేరువేరు ప్రశ్నలు. శిక్షనే తీసుకోండి అంటాడు. బెదిరించడానికి, పరిహారం ఇప్పించడానికి, ప్రమాదకారిని దూరంగా ఉంచడానికి, ఓడిన శత్రువును ఎగతాళి చేసి పండగ చేసుకోవడానికి, బుద్ధి చెప్పడానికి, ఒకే తంతును ఎన్నో ప్రయోజనాలు ఆక్రమించుకున్నాయి. ఒక్కో కాలంలో ఒక్కో యజమాని వచ్చి పాత యజమాని గుర్తులు చెరిపి తన ముద్ర వేస్తాడు. చరిత్ర ఉన్న దేనికీ నిర్వచనం ఇవ్వలేమనీ, ఇవ్వగలిగేది చరిత్ర లేనివాటికేననీ అతని తీర్మానం. కైఫీయతులు చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒకే గుడి మాన్యం కాకతీయుల పేరుతో, రెడ్ల పేరుతో, గోల్కొండ నవాబు సనదుతో, కుంపిణీ పట్టాతో చేతులు మారుతూనే ఉంటుంది. లోపల దీపం అదే అనిపిస్తుంది. నూనె పోసేవాడు మారాడు.

మూడో వ్యాసం సన్యాసం గురించి. తనను తాను మాడ్చుకోవడాన్ని ఇన్ని నాగరికతలు ఇంత గొప్పగా ఎందుకు తలచుకుంటాయి? ఇక్కడికి రాగానే భారతదేశం పుస్తకంలోకి నడిచి వస్తుంది. సంకెల పుట్టిందంటూ కొడుకుకు రాహులుడని పేరు పెట్టిన బుద్ధుడు ఉన్నాడు. అంతకంటే ఆశ్చర్యంగా విశ్వామిత్రుడు ఉన్నాడు. వేల ఏళ్లు తన్ను తాను హింసించుకుని, ఆ బలంతో కొత్త స్వర్గం కట్టడానికి పూనుకున్న రాజు అని నీషే అతణ్ని తలుచుకున్నాడు. త్రిశంకు స్వర్గం కథ తెలిసిన తెలుగు పాఠకుడు స్విస్ కొండల్లోని ఆ అద్దెగదిలో పాత చుట్టాన్ని చూసినట్టు ఉలిక్కిపడతాడు. తపస్సు అంటే ఓటమి కాదు, అధికారాన్ని సంపాదించే పద్ధతి అన్న తన వాదానికి ఇంతకంటే మంచి సాక్షి అతనికి దొరకడు.

ఆ సాక్షుల్ని చేరవేసినవాళ్లలో ముఖ్యుడు గుడ్డు పెంకుల బల్ల చూసి బాధపడిన డాయ్‌సనే. వేదాంత దర్శనం మీద అతని పెద్ద గ్రంథం 1883లో వచ్చింది. శంకర భాష్యంతో సహా బ్రహ్మసూత్రాల జర్మన్ అనువాదం సరిగ్గా 1887లోనే వచ్చింది. ఐరోపాలో భారతీయ తత్వాన్ని నిజంగా తెలిసిన మొదటివాడని నీషే ఆ మూడో వ్యాసంలోనే స్నేహితుణ్ని పేరుపెట్టి మెచ్చుకున్నాడు. వేదాంతం చెప్పే ముక్తి మాత్రం గాఢనిద్ర లాంటిదేనని అక్కడే తేల్చేశాడు. డాయ్‌సన్ ఆ తర్వాత భారతదేశం వచ్చి 1893లో బొంబాయిలో వేదాంతం మీద ఉపన్యసించాడు. 1896లో కీల్ నగరంలోని అతని ఇంటికి వివేకానందుడు వెళ్లాడు. ఇద్దరు స్నేహితులు ఒకే పుస్తకాల అరలోంచి పూర్తిగా వేరు దారుల్లోకి నడిచారు.

సన్యాసపు వ్యాసం చివర్లో నీషే తన మీదికే గురి తిప్పుకున్నాడు. దేవుణ్ని నమ్మని శాస్త్రవేత్త సన్యాసం నుంచి బయటపడ్డాడా? లేదంటాడు. ఏమైనా సరే నిజమే కావాలన్న పట్టుదల కూడా ఆ పాత సన్యాసపు చివరి వేషమే. అబద్ధమాడకు అన్న మత నియమమే పెరిగి పెద్దదై మతాన్ని తినేసింది. మరి నిజానికి విలువ కట్టింది ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండానే ముగించాడు. అర్థం లేకుండా బతకడం కంటే శూన్యాన్నైనా కోరుకోవడం మనిషికి నయమనిపిస్తుందని మాత్రం చెప్పాడు.

ఇంత పదునైన మనిషి మరుసటి ఏడాదే బోల్తా పడ్డాడు. 1888 మే నెలలో ట్యూరిన్‌లో అతనికి మనుస్మృతి ఫ్రెంచి అనువాదం చిక్కింది. అనువాదకుడు లూయీ జకోల్యో, చందర్‌నగర్‌లో ఫ్రెంచి కోర్టు జడ్జిగా పనిచేసినవాడు. ఆ అనువాదం నమ్మదగింది కాదు. ప్రామాణికమైన ఏ ప్రతిలోనూ లేనివి అందులో కనిపిస్తాయి. నీషే దాన్ని చూసి మురిసిపోయి మరో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ‘విగ్రహాల సంధ్య’ అనే తన పుస్తకంలో చండాలుర మీద విధించిన నిషేధాలను, ఏం తినాలో, ఏ నీళ్లు తాగాలో దాకా, పూసగుచ్చి ఏకరువు పెట్టాడు. అక్కడ అతని గొంతులో వ్యంగ్యం ఉంది. శుద్ధ రక్తం అనే భావన ఎంత ప్రమాదకరమో ఇవి నేర్పుతాయన్నాడు. ‘క్రీస్తు విరోధి’కి వచ్చేసరికి వర్ణవ్యవస్థ ప్రకృతి ధర్మమేనని సమర్థించాడు. ఎవరు చెప్పారు, వాళ్లకేం లాభం అని ప్రతి గ్రంథాన్నీ నిలదీసినవాడు ఈ గ్రంథం ముందు మాత్రం ఆ ప్రశ్నలు జేబులో పెట్టుకున్నాడు.

జేబులో ఉన్న ప్రశ్నల్ని బయటికి తీసినవాడు అంబేడ్కర్. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో ఆయన నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. ఆయన మరణించాక 1987లో అచ్చయిన ‘హిందూమత తత్వం’ అనే రచనలో మనువునూ నీషేనూ పక్కపక్కన నిలబెట్టారు. జరతూష్ట్ర అంటే మనువుకు కొత్త పేరేనన్నంత దూరం వెళ్లి, ఆ ఇద్దరిలో నీషేనే కొంత నయమని తేల్చారు. నీషే కలగన్న మహామానవుడు యోగ్యత వల్ల గొప్పవాడు. మనువు గొప్పవాళ్లు పుట్టుక వల్ల గొప్పవాళ్లు. ఎవరి ప్రయోజనం కోసం ఈ విలువలు రాశారు అని స్మృతిని అడగడం నీషే నేర్పిన పద్ధతే. గొర్రెపిల్లలు ఆ పద్ధతిని గద్దల మీద ప్రయోగించవచ్చని సిల్స్ మారియాలో అతనికి తట్టినట్టు లేదు.

నీషే కథలో కంత ఇదొక్కటే కాదు. అతని పదవ్యుత్పత్తుల్లో కొన్ని నిలబడవు. లాటిన్ ‘బోనుస్’ అంటే యుద్ధవీరుడు అని అతను చేసింది ఊహ. తేదీలు లేవు, ఊళ్లు లేవు, తిరుగుబాటు చేసిన బానిసల పేర్లు లేవు. చరిత్ర అంటూ మొదలుపెట్టి కల్పన దగ్గర తేలాడని చరిత్రకారులు అంటే కాదనడం కష్టం. యూదుల గురించి రాసిన వాక్యాలు తర్వాతి కాలంలో ఏ చేతుల్లో పడ్డాయో లోకానికి తెలుసు. అతని చెల్లెలు ఎలిజబెత్ పెళ్లాడింది యూదు ద్వేషాన్ని ఉద్యమంగా నడిపిన బెర్న్‌హార్డ్ ఫోర్స్టర్‌ని. అన్నకు ఆ బావ అన్నా, ఆ ఉద్యమమన్నా ఒళ్లుమంట. 1889 జనవరిలో ట్యూరిన్‌లో మతి చెడిన రోజుల్లో రాసిన ఉత్తరాల్లో కూడా యూదు ద్వేషులందర్నీ కాల్పించేస్తున్నానని రాశాడు. ఆ తర్వాత పదకొండేళ్లు ఏమీ తెలియని స్థితిలో బతికి 1900 ఆగస్టు 25న వైమార్‌లో పోయాడు. రాతప్రతులన్నీ ఎలిజబెత్ చేతికి చిక్కాయి. నాజీలకు నీషేను పళ్లెంలో పెట్టి అందించింది ఆమెనే.

తర్కం తరఫున వచ్చే అభ్యంతరం ఇంకొకటి ఉంది. పుట్టుక చెడ్డదైతే వస్తువు చెడ్డదవుతుందా? పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది, అయినా ప్రాణం కాపాడుతుంది. కరుణ అసూయలోంచే పుట్టిందని నిరూపించినా, దారిలో పడిపోయినవాడికి మంచినీళ్లు ఇవ్వడం తప్పైపోదు. ఈ సంగతి నీషేకు తెలియక కాదు. ఒక నీతి పొరపాటులోంచి పుట్టిందని తేలినంత మాత్రాన దాని విలువ సంగతి తేలిపోదని ‘ఉల్లాస విజ్ఞానం’లో అతనే రాశాడు. వంశావళి తీర్పు చెప్పదు, అమాయకత్వాన్ని పోగొడుతుంది. ఇది ఆకాశం నుంచి ఊడిపడిందనీ, ఎప్పటికీ ఇలాగే ఉందనీ ఇక ఎవరూ అనలేరు.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ పద్ధతిని తేదీలతో, దస్తావేజులతో చేసి చూపించినవాడు ఫ్రాన్స్‌లోని మిషెల్ ఫూకో. 1975 నాటి తన పుస్తకంలో బహిరంగ చిత్రహింస పోయి జైలు రావడం వెనక ఉన్నది జాలి ఒక్కటే కాదనీ, మనుషుల్ని అదుపు చేసే కొత్త లెక్కలు ఉన్నాయనీ చూపించాడు. దానికి ఫ్రాన్స్ దాకా వెళ్లక్కర్లేదు. తెలుగులో ‘సాని’ అనే రెండక్షరాల మాట చాలు.

సాని అంటే స్వామిని, యజమానురాలు. దొరసాని అన్నప్పుడు ఆ దర్జా ఇప్పటికీ వినిపిస్తుంది. కాకతీయుల కాలపు శాసనాల్లో గుడి సానులు తమ పేరుతో దానాలిచ్చిన దాతలుగా కనిపిస్తారు. వాళ్లకు మాన్యాలున్నాయి, చదువుంది, సంగీతం ఉంది. పందొమ్మిదో శతాబ్ది ముగిసేసరికి ఆ మాటను పెద్దమనుషుల ఇళ్లలో పైకి అనడమే తప్పైంది. రాజ్యాలు పోయాయి, పోషకులు పోయారు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు సానుల ఆటపాటలను మాన్పించాలనే నాచ్ వ్యతిరేక ఉద్యమం పట్టారు. మాట కింద ఉన్న నేల కుంగింది, మాట కూడా దిగజారింది.

పద్దెనిమిదో శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో సానుల సంప్రదాయానికే చెందిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ అనే కావ్యం రాసింది. కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ఆమెను అసహ్యించుకున్నాడు. ఆడవాళ్లు రాయదగిన మాటలు కావన్నాడు. బెంగుళూరు నాగరత్నమ్మ, తానూ ఆ సంప్రదాయపు కుటుంబంలో పుట్టినామె, పూర్తి ప్రతి వెతికి 1910లో వావిళ్లవారి చేత అచ్చువేయించింది. సిగ్గు, ఔచిత్యం ఆడవాళ్లకేనా, మగవాళ్లకు వర్తించవా అని పంతులుగారినే అడిగింది. ఇలాంటి వర్ణనలే ఉన్న ‘వైజయంతీవిలాసం’ ఆయన కళ్లకు ఎందుకు అభ్యంతరం కాలేదని నిలదీసింది. ఆమె నీషేను చదవాల్సిన పని పడలేదు. ఈ తీర్పు ఎవరిది, ఎవరి మీద అని అడగడం ఆమెకు జీవితమే నేర్పింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది.

మరోవైపు ముత్తులక్ష్మి రెడ్డి ఉంది. ఆమె తల్లిదీ సానుల, అంటే దేవదాసీల, కుటుంబమే. డాక్టరై, 1927లో మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలై, ఆడపిల్లల్ని గుడికి అంకితం చేయడాన్ని ఆపాలని పోరాడింది. ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకించిన దేవదాసీల తరఫున నిలబడినవాళ్లలో నాగరత్నమ్మ ఉంది. ఒకే పొయ్యి దగ్గరి నుంచి వచ్చిన ఇద్దరు స్త్రీలు. ఒకామె ఆ ఆచారంలో విద్యనూ ఆస్తినీ చూసింది, ఇంకొకామె చిన్నపిల్లల బతుకులు కాలిపోవడం చూసింది. ఇద్దరూ చూసినవి నిజాలే. ఆచారానికి ఒక్క యజమానే ఉన్నాడనుకుంటే వీళ్లలో ఎవరో ఒకరిని అబద్ధాలకోరు అనాల్సి వస్తుంది.

1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ‘రాధికా సాంత్వనం’ మీద నిషేధం ఎత్తేసింది. అదే ఏడాది మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకితాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. కావ్యానికి విడుదల దొరికింది, కావ్యం పుట్టిన జీవితం చట్టవిరుద్ధమైంది. వావిళ్లవారు పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసింది 1952లో. నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడాదే, మే నెలలో, త్యాగరాజ స్వామికి తన సొమ్ముతో సమాధి మందిరం కట్టించిన తిరువయ్యారులో.